ఫాస్ఫేట్ జన్యువులు: ల్యాబ్‌లో తరచూ వినపడే అపోహలు, అసలు సంగతులు

ఫాస్ఫేట్ కరువైనప్పుడు బ్యాక్టీరియాలో ఆన్ అయ్యే జన్యువుల జట్టు గురించే ఇదంతా. ఈ.కొలై అనే బ్యాక్టీరియా మీద ఈ పనికి కొత్తగా ఎవరు చేరినా దాదాపు కింది అపోహలతోనే వస్తారు. నేనూ ఇలాగే వచ్చాను. కొన్ని పుస్తకం చదివి దిద్దుకున్నాను, కొన్ని ప్లేట్లు పారబోసి దిద్దుకున్నాను.

అపోహ: ఫాస్ఫేట్ అయిపోయినప్పుడే బ్యాక్టీరియా పని మొదలుపెట్టి జన్యువులను ఆన్ చేస్తుంది.

దీన్ని తిరగేసి చూస్తేనే బాగా అర్థమవుతుంది. ఫాస్ఫేట్ దండిగా ఉన్నప్పుడు ఈ జన్యువులను ఆపి ఉంచడానికి కణం ప్రత్యేకంగా ఒక ఏర్పాటు పెట్టుకుంది. ఆ ఏర్పాటు చెడితే, ఫాస్ఫేట్ ఎంత ఉన్నా అవి ఆన్‌లోనే ఉంటాయి.

కళ్లారా చూడాలంటే, ఎక్స్-పి అనే రసాయనం కలిపిన ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే పళ్లెం) చాలు. ఎక్స్-పికి రంగు ఉండదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ దానిలోంచి ఫాస్ఫేట్‌ను కోసేస్తే మిగిలింది నీలంగా మారుతుంది. ఆ ఎంజైమ్ ఈ జన్యువుల జట్టులోదే. ఫాస్ఫేట్ నిండుగా ఉన్న ప్లేటు మీద మామూలు ఈ.కొలై తెల్లగా పెరుగుతుంది. ఫాస్ఫేట్‌ను లోపలికి లాగే పీఎస్‌టీ పంపును తీసేసిన మ్యుటెంట్‌ను (జన్యువు మారిన రకాన్ని) అదే ప్లేటు మీద గీస్తే ముదురు నీలం. మొదటిసారి చూసినప్పుడు ఫాస్ఫేట్ వేయడం మరిచిపోయానేమో అనుకుని ప్లేట్లు మళ్లీ పోశాను. మళ్లీ నీలమే.

అపోహ: కణం లోపల ఎంత ఫాస్ఫేట్ ఉందో కొలిచి స్విచ్ వేస్తుంది.

పై నీలం కాలనీయే దీనికి జవాబు. పీఎస్‌టీ లేకపోయినా ఆ మ్యుటెంట్ ఆకలితో లేదు. పిట్ అనే ఇంకో దారి ఉంది. దానికి పట్టు తక్కువ, కానీ బయట దండిగా ఉంటే కావలసినంత లోపలికి తెస్తుంది. అంటే కడుపు నిండుగానే ఉంది, స్విచ్ మాత్రం ఆకలి అంటోంది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. పీఎస్‌టీ పొరభాగాల్లో ఒక్క అమైనో ఆమ్లం మారి, రవాణా పోయి, జన్యువులను ఆపే పని మాత్రం చెక్కుచెదరని మ్యుటెంట్లు దొరికాయి. కాబట్టి ఆ పంపు రెండు ఉద్యోగాలు చేస్తోంది: ఫాస్ఫేట్ తేవడం ఒకటి, వార్త చెప్పడం రెండోది.

ఆ వార్త వినేది ఫోఆర్. చాలామంది దీన్నే ఫాస్ఫేట్ సెన్సర్ అని రాసేస్తారు. పొరలో కూర్చునే ఈ ప్రొటీన్‌కు బయటివైపు చెప్పుకోదగ్గ భాగమే లేదు. పీఎస్‌టీ సంగతి దానికి ఫోయు అనే ఇంకో ప్రొటీన్ ద్వారా అందుతుంది. కరువైతే ఫోఆర్ తన సహచర ప్రొటీన్ ఫోబి మీద ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది, దండిగా ఉంటే ఆ ముద్రను తానే చెరిపేస్తుంది. ముద్ర పడిన ఫోబి డీఎన్ఏలో 18 అక్షరాల ఒక గుర్తు మీద వాలి ముప్పైకి పైగా జన్యువులను నడిపిస్తుంది. ఆ గుర్తులో ఏడక్షరాల వరుస రెండుసార్లు వస్తుంది, మధ్యలో నాలుగక్షరాల ఎడం.

ఫోయు గురించి ఒక జాగ్రత్త. ఆ జన్యువును తీసేస్తే కణాలు నీరసంగా పెరుగుతాయి. కొన్నాళ్లకు వాటి మధ్య పెద్ద పెద్ద కాలనీలు వస్తాయి. చూడ్డానికి బాగున్నాయని వాటినే ఏరుకుంటే పని చెడినట్టే, పీఎస్‌టీలోనో ఫోబిలోనో రెండో మార్పు వచ్చిన రకాలు అవి.

అపోహ: ఎం9 మీడియంలో ఫాస్ఫేట్ సగానికి తగ్గిస్తే కరువు వస్తుంది.

నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఎం9 అంటే బ్యాక్టీరియాను పెంచడానికి ల్యాబ్‌లో మామూలుగా వాడే ద్రావణం. అందులో సుమారు 70 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ ఉంటుంది. సగం చేస్తే 35. ఈ.కొలై స్విచ్ పడేది బయటి ఫాస్ఫేట్ దాదాపు 4 మైక్రోమోలార్‌కు (మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు మైక్రోమోలార్) దిగినప్పుడు. మీరు ఇంకా ఎనిమిది వేల రెట్లు పైనే ఉన్నారు! పోనీ మొత్తం తీసేద్దామంటే, ఎం9లో పీహెచ్‌ను నిలబెట్టేది కూడా ఆ ఫాస్ఫేటే. అందుకే ఫాస్ఫేట్ లేకుండానే పీహెచ్‌ను నిలబెట్టే మాప్స్ బఫర్‌తో చేసిన మీడియం వాడతాం. అందులో ఫాస్ఫేట్ 2 మిల్లీమోలార్ వేస్తే దండి, 0.1 వేస్తే కరువు.

ఆ 0.1 కూడా మొదట్లో కరువు కాదు, అది 100 మైక్రోమోలార్. కణాలు పెరిగి దాన్ని తినేశాకే స్విచ్ పడుతుంది. పెరుగుదల మధ్యలో శాంపిల్ తీసి, ఏమీ రాలేదని టెన్షన్ పడి, మ్యుటెంట్‌నే అనుమానించినవాళ్లను చూశాను. సబ్బునీళ్లతో కడిగిన ఫ్లాస్కు, మీడియంలో కలిపే కాసమైనో ఆమ్లాలు (పాల ప్రొటీన్ నుంచి తీసిన అమైనో ఆమ్లాల మిశ్రమం) కూడా దొంగచాటుగా ఫాస్ఫేట్ తెస్తాయి.

అపోహ: పేరులో 'ఫో' ఉంటే ఫాస్ఫేట్ పనే.

సాల్మొనెల్లా బ్యాక్టీరియాలోని ఫోపి-ఫోక్యూ ప్రొటీన్ల జంట ప్రధానంగా స్పందించేది మెగ్నీషియం తగ్గడానికి. ఒక ఫాస్ఫటేజ్‌ను వెతుకుతుంటే దొరకడం వల్ల ఆ పేరు అతుక్కుపోయింది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలో మాత్రం అదే ఫోపి పేరున్న ప్రొటీన్ నిజంగానే ఫాస్ఫేట్ కరువు చూసుకుంటుంది, అంటే అక్కడ ఫోబి పని చేస్తుంది. డేటాబేస్‌లో పేరు చూసి జన్యువును ఎంచుకోకండి.

అపోహ: ఇదంతా ఫాస్ఫేట్‌ను లాక్కోవడానికే.

పొదుపు కూడా ఉంది. బాసిల్లస్ కణకుడ్యంలో టీకోయిక్ ఆమ్లం ఉంటుంది, దాని గొలుసు నిండా ఫాస్ఫేటే. కరువులో దాన్ని కట్టడం తగ్గించి, ఫాస్ఫేట్ లేని టీక్యురోనిక్ ఆమ్లంతో గోడ కడుతుంది. సముద్రంలోని ప్రోక్లోరోకాకస్ బ్యాక్టీరియా అయితే పొరల్లో చాలావరకు ఫాస్ఫేట్ బదులు గంధకం ఉన్న కొవ్వులనే వాడుకుంటుంది.