‘ఇదంతా తెలిసిందేగా మేడం!’: సైకాలజీ తొలి పాఠాల్లో అపోహలు, వాస్తవాలు

మొదటి సంవత్సరం విద్యార్థులకు సైకాలజీ పరిచయ పాఠాలు చెప్పడం నా పని. కొత్త బ్యాచ్ వచ్చిన రోజు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మేడం, ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పండి చూద్దాం." "క్లాసు ఎప్పుడు వదులుతారా అని" అంటాను. అందరూ నవ్వుతారు. మనసు చదివే విద్యేమీ మా దగ్గర లేదని రెండు వారాల్లో వాళ్లకే అర్థమైపోతుంది కాబట్టి ఆ ప్రశ్నతో నాకు పేచీ లేదు. పేచీ అంతా సెమిస్టర్ పొడుగునా వినిపించే ఇంకో మాటతో: "ఇందులో కొత్తేముంది మేడం, ఇదంతా తెలిసిందేగా!"

అపోహ: సైకాలజీ అంటే లోకజ్ఞానానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టడమే

ఈ మాట అన్నవాళ్లతో వాదన పెట్టుకోను. చీటీలు పంచుతాను. సగంమందికి వెళ్లే చీటీలో, ఒకే రకం అభిరుచులు, అభిప్రాయాలు ఉన్నవాళ్లే ఒకరికొకరు దగ్గరవుతారని పరిశోధనల్లో తేలిందని ఉంటుంది. మిగతా సగానికి సరిగ్గా తలకిందుల మాట: ఉప్పూ నిప్పూ లాంటి మనుషులే దగ్గరవుతారని తేలిందని. ఎందుకలా అవుతుందో రెండు వాక్యాల్లో రాయమంటాను. రెండు వైపులా పెన్నులు చకచకా కదులుతాయి. "ఇది మీకు ముందే తెలుసా?" అంటే రెండు వైపులా చేతులు లేస్తాయి. అప్పుడు చీటీలు పైకి చదివిస్తాను. (నిజమైనది మొదటి చీటీ. రెండోది నేనే కల్పించానని క్లాసు అయ్యేలోపు చెప్పేస్తాను, లేకపోతే అదే నోట్సులోకి ఎక్కుతుంది.)

మన సామెతలూ ఇంతే. తొందరపడి పని చెడితే ‘నిదానమే ప్రధానం’ అంటాం. ఆగి ఆగి చెడగొట్టుకుంటే ‘ఆలస్యం అమృతం విషం’ అంటాం. ఏది జరిగినా అనడానికి ఒక మాట చేతిలో ఉంటుంది. జరగకముందే ఏది నిజమవుతుందో చెప్పమంటే అప్పుడు తెలుస్తుంది కష్టం. ఫలితం తెలిశాక ‘నేను ముందే అనుకున్నా’ అనిపించే ఈ ధోరణిని బారూక్ ఫిష్‌హాఫ్ అనే సైకాలజిస్ట్ 1975లోనే ప్రయోగాలతో చూపించారు. అందుకే మా దగ్గర ఏం జరుగుతుందనుకుంటున్నామో ముందు రాసిపెట్టుకోవడం, తర్వాత లెక్క చూసుకోవడం అనే అలవాటుకు అంత విలువ.

అపోహ: సైకాలజీ ఫ్రాయిడ్‌తో మొదలైంది

సోఫా మీద పడుకున్న మనిషి, పక్కన నోట్సు రాసుకుంటున్న గడ్డం డాక్టరు. చాలామంది ఈ బొమ్మతోనే క్లాసుకు వస్తారు. ఆ డాక్టరే సిగ్మండ్ ఫ్రాయిడ్, నరాల వైద్యుడు. ఆయన తన సిద్ధాంతాలతో పేరు తెచ్చుకోకముందే, 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టారు. పాఠ్యపుస్తకాలు సైకాలజీకి పుట్టినరోజుగా చెప్పేది దాన్నే. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ జ్ఞాపకశక్తి మీద పుస్తకం తెచ్చారు. అర్థంలేని అక్షరాల ముక్కలు తయారు చేసుకుని, తానే కంఠస్థం పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తానే కొలుచుకున్నాడు పాపం. ఫ్రాయిడ్‌ని వెక్కిరించాల్సిన పని లేదు. మనసులో జరిగేదంతా మన ఎరుకలో ఉండదన్న మాట ఇప్పటికీ నిలిచే ఉంది. ఆయన చెప్పిన వాటిలో చాలావాటిని తప్పో ఒప్పో పరీక్షించే దారి లేకపోవడమే చిక్కు.

అపోహ: జ్ఞాపకం అంటే మనసులో దాచిన వీడియో

నా కోర్సులో ఎక్కువ రోజులు తీసుకునే అపోహ ఇది. "నా కళ్లతో చూశాను" అన్న మాట మీద మనకు అంత గురి మరి.

1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 150 మంది విద్యార్థులకు కార్ల ప్రమాదం ఉన్న చిన్న ఫిల్ము చూపించారు. 50 మందిని ‘కార్లు గుద్దుకున్నప్పుడు ఎంత వేగంతో వెళ్తున్నాయి?’ అని మామూలు మాటతో అడిగారు. ఇంకో 50 మందిని ‘బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అనే అర్థమొచ్చే గట్టి మాటతో అడిగారు. మిగతా 50 మందిని వేగం గురించి అసలు అడగలేదు. వారం తర్వాత అందరికీ ఒకే ప్రశ్న: పగిలిన గాజు ముక్కలు చూశారా? ఫిల్ములో గాజు ముక్కలే లేవు. గట్టి మాట విన్నవాళ్లలో 16 మంది చూశామన్నారు. మామూలు మాట విన్నవాళ్లలో 7గురు, ఏమీ అడగనివాళ్లలో 6గురు.

వాళ్లెవరూ అబద్ధమాడలేదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు ఆ సంఘటనను మళ్లీ కట్టుకుంటుంది. ఆ కట్టడంలో తర్వాత విన్న మాటలూ ఇటుకల్లా చేరిపోతాయి. ఎంత గట్టిగా చెబుతున్నారన్నది ఎంత నిజం చెబుతున్నారన్నదానికి నమ్మదగ్గ కొలత కాదని చెప్పినప్పుడు, న్యాయశాస్త్రం వైపు వెళ్దామనుకునే పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

ఇంకో సంగతి. జ్ఞాపకం అంతా ఒకే అరలో ఉండదు. మూర్ఛలు తగ్గించడానికి 1953లో హెన్రీ మొలైసన్ అనే అతనికి ఆపరేషన్ చేసి, మెదడులో రెండు వైపులా జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ భాగాలు తీసేశారు. ఆ తర్వాత కొత్త విషయమేదీ అతని మనసులో నిలిచేది కాదు. కానీ బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయిస్తే, రోజురోజుకూ తప్పులు తగ్గాయి. ముందురోజు గీసిన సంగతి మాత్రం అతనికి గుర్తు లేదు! చేతికి వచ్చిన విద్య ఒక దారిలో, ‘నిన్న ఇది చేశాను’ అన్న ఎరుక ఇంకో దారిలో వెళ్తాయన్నమాట. బతికినన్నాళ్లూ పుస్తకాల్లో అతని పేరు ‘హెచ్.ఎం.’ అనే ఉండేది. 2008లో చనిపోయాకే పూర్తి పేరు బయటికి వచ్చింది.

అపోహ: మెదడులో పది శాతమే వాడతాం, కొందరిది కుడి మెదడు, కొందరిది ఎడమ మెదడు

రెండూ త్వరగా తేల్చేయొచ్చు. శరీరం బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం, విశ్రాంతిగా ఉన్నప్పుడు అది తినే శక్తి సుమారు 20 శాతం. తొంభై వంతులు ఖాళీగా ఉండే అవయవానికి శరీరం అంత ఖర్చు పెట్టదు. ఇక కుడి ఎడమల విషయానికొస్తే, రెండు అర్ధగోళాల పనుల్లో తేడాలున్న మాట నిజమే. వాటిని కలిపే వంతెనను కత్తిరించిన రోగుల మీద చేసిన పనికే రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. ఆ వంతెన ఉన్న మనలాంటి వాళ్లలో మాత్రం బొమ్మ వేసినా లెక్క చేసినా రెండూ కలిసే పనిచేస్తాయి. ‘నాది కుడి మెదడు మేడం, అందుకే స్టాటిస్టిక్స్ రాదు’ అనే వంక నా దగ్గర చెల్లదు.

అపోహ: మళ్లీ మళ్లీ చదివితే బాగా గుర్తుంటుంది, నేను చూసి నేర్చుకునే రకం

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు ఒక పాఠాన్ని కొందరి చేత రెండుసార్లు చదివించారు. మరికొందరి చేత ఒకసారి చదివించి, పుస్తకం మూసి, గుర్తున్నది రాయించారు. 5 నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత తారుమారైంది: చదివినవాళ్లకు 42 శాతం, రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. రెండోసారి చదువుతుంటే ‘ఆ, ఇది వచ్చేసింది’ అనిపిస్తుంది చూశారా, పరీక్ష హాల్లో ముంచేది అదే.

చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని విడదీసి, దానికి తగ్గట్టు చెబితే బాగా వస్తుందన్న వాదానికి సరైన ఆధారాలు లేవని 2008లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. ఒక పద్ధతి నచ్చడం వేరు, దాంతో ఎక్కువ నేర్చుకోవడం వేరు. ఈ విషయంలో విద్యార్థుల కంటే తోటి ఉపాధ్యాయులను ఒప్పించడం కష్టం.

అపోహ: పర్సనాలిటీ టెస్ట్ నా గురించి ఉన్నదున్నట్టు చెప్పింది, కాబట్టి అది మంచి టెస్ట్

1948లో బెర్ట్రమ్ ఫోరర్ తన పరిచయ కోర్సు విద్యార్థులకు ఒక టెస్ట్ పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు ఇచ్చి, అది తమకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నారు. సగటు 4 దాటింది. తర్వాత చూసుకుంటే అందరి చేతిలోనూ ఒకటే కాగితం! అందులో చాలా వాక్యాలు ఒక జాతకాల పుస్తకంలోవి. నేనూ ఏటా ఇదే చేస్తాను. నవ్వులయ్యాక మంచి ప్రశ్న ఒకటి వస్తుంది: "మరి అసలైన టెస్ట్‌ను ఎలా గుర్తుపట్టాలి?" ఇద్దరు మనుషులకు వేర్వేరు ఫలితాలు ఇవ్వాలి, నెల తర్వాత మళ్లీ పెడితే దాదాపు అదే రావాలి, బయట ఏదో ఒకదాన్ని ముందుగా అంచనా వేయగలగాలి. ‘నాకు సరిపోయింది’ అన్నది ఈ జాబితాలో లేదు.

ఇది వేరే సంగతి, నా పరీక్షల్లో విద్యార్థులకు ఎక్కువగా తప్పు పోయేది: నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ (రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే ఒక అలవాటును బలపరచడం) అంటే శిక్ష అనుకోవడం. కాదు. సీటు బెల్టు పెట్టుకుంటే కారులో ఆ కీచుమోత ఆగుతుంది. చికాకు పోతుంది కాబట్టి పెట్టుకునే అలవాటు బలపడుతుంది. ఇక్కడ నెగటివ్ అంటే తీసేయడం, చెడు అని కాదు.

అపోహ: ఈ పాఠం చదివితే నాకేం జబ్బుందో తెలిసిపోతుంది

మానసిక రుగ్మతల పాఠం మొదలైన వారం నా గది ముందు క్యూ కడతారు. "మేడం, నాకు అన్ని లక్షణాలూ ఉన్నాయి." పరీక్షల ముందు టెన్షన్, బ్రేకప్ తర్వాత దిగులు అందరికీ ఉండేవే. ఎన్నాళ్లుగా ఉంది, ఎంత బాధ పెడుతోంది, నిద్ర, చదువు, మనుషులతో కలవడం దెబ్బతింటున్నాయా అన్నవి చూడకుండా పేరు పెట్టకూడదు. అలాగని ఎవరినీ నవ్వి పంపను. నిజంగా నలుగుతున్నవాళ్లు ఆ క్యూలోనే ఉంటారు. నేను పాఠాలు చెప్పే మనిషిని, చికిత్స చేసే మనిషిని కాను. అందుకే కౌన్సెలర్ దగ్గరికో, సైకియాట్రిస్ట్ దగ్గరికో పంపుతాను. (సైకియాట్రిస్ట్ మెడిసిన్ చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ ప్రధానంగా పరీక్షలు, మాటల ద్వారా చేసే చికిత్స చూస్తారు.) స్నేహితుడి మీద అనుమానంగా ఉంటే ‘చనిపోవాలని అనిపిస్తోందా’ అని నేరుగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. అడిగాక ఒంటరిగా వదలకుండా సాయం దగ్గరికి తీసుకెళ్లాలి.

స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, లేనివి ఉన్నాయని గట్టిగా నమ్మడం లాంటి లక్షణాలుండే రుగ్మత) అంటే ఒకే మనిషిలో ఇద్దరు ఉండటం కాదు. ఇది ప్రతి ఏడాదీ చెప్పాలి, చెబుతాను.

అపోహ: పాఠ్యపుస్తకంలో ఉందంటే తేలిపోయిన సంగతే

ఈ అపోహ నాదే. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతిని పొడిచి చంపారు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని ఒక పత్రిక రాసింది. పుస్తకాలన్నీ ఎక్కించుకున్నాయి, నేనూ ఏళ్ల తరబడి కళ్లకు కట్టినట్టు చెప్పాను. ఒకసారి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: "38 మంది అని ఎవరు లెక్కపెట్టారు మేడం?" నా దగ్గర జవాబు లేదు. వెతికి చూస్తే, అంతమంది మొదటి నుంచి చివరిదాకా చూశారనడానికి ఆధారం లేదని 2007లోనే పరిశోధకులు రాశారు. ఒకాయన కిటికీలోంచి అరిచాడు. ఒక పొరుగామె కిందికి దిగి వచ్చి ఆమెను పట్టుకుని కూర్చుంది.

ఆ కథ విని 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగం మాత్రం వేరే సంగతి. పక్క గదిలో ఎవరికో మూర్ఛ వచ్చినట్టు వినిపించినప్పుడు, వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోపే సాయం కోసం కదిలారు. ఇంకో నలుగురూ వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే. కథలో తప్పులున్నాయని ప్రయోగం కొట్టుకుపోదు. అలాగని ప్రయోగాలన్నీ నిలబడతాయనీ కాదు. 2015లో 100 ప్రచురిత పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే మూడో వంతుకు కాస్త పైగానే మొదటిలాంటి ఫలితం వచ్చింది. "అయితే ఇదంతా ఎందుకు చదవాలి?" అని అడుగుతారు పిల్లలు. ఆ వంద మళ్లీ చేసి, లెక్క బయట పెట్టింది కూడా సైకాలజిస్టులేనని చెబుతాను. సగంమంది ఒప్పుకుంటారు, సగంమంది ఒప్పుకోరు.

ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత నా పాత నోట్సులో ఇంకో మూడు ఉదాహరణల పక్కన ఎర్ర ఇంకుతో ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. ఒకటి తీసేశాను. మిగతా రెండూ చూడాల్సి ఉంది.