సబ్బు, పేస్టు, లిప్‌స్టిక్: జంతు పదార్థాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆకుపచ్చ చుక్క లేదంటే అందులో జంతు పదార్థం ఉన్నట్టే.

వాస్తవం: ఆ లెక్క తినే వస్తువులకు. సబ్బులు, షాంపూలు చాలావాటి మీద అసలు ఏ చుక్కా కనిపించదు. ఉంటే మంచిదే. లేకపోతే దాన్నిబట్టి ఏదీ తేలదు, ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదవాల్సిందే.

అపోహ: టీఎఫ్‌ఎం ఎక్కువ ఉన్న సబ్బులో జంతు కొవ్వు ఎక్కువ.

వాస్తవం: టీఎఫ్‌ఎం అంటే సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం. 76 శాతం, ఆపైన ఉంటే గ్రేడ్ 1, కనీసం 70 ఉంటే గ్రేడ్ 2, 60 ఉంటే గ్రేడ్ 3. ఆ కొవ్వు గేదెదా, పామాయిల్ గెలదా అన్నది ఈ అంకె చెప్పదు. ఉత్త పామాయిల్, కొబ్బరినూనెతో చేసిన సబ్బుకీ 76 వస్తుంది. మూలం కావాలంటే జాబితాలో మొదటి రెండు మూడు పేర్లు చూడండి. సోడియం పామేట్ పామాయిల్ నుంచి, సోడియం పామ్ కెర్నలేట్ పామ్ గింజల నూనె నుంచి, సోడియం కోకోయేట్ కొబ్బరినూనె నుంచి వస్తాయి. సోడియం టాలోవేట్ అని ఉంటే మాత్రం పశువుల కొవ్వే, ఇంకెవరినీ అడగక్కర్లేదు. అమెరికా నుంచి సూట్‌కేసుల్లో వచ్చే సబ్బుల మీద ఈ పేరు తగులుతుంటుంది, పంచేముందు ఒకసారి చూసుకోండి. ‘సోప్ బేస్’ అని మాత్రమే రాసి వదిలేస్తే ఏమీ చెప్పనట్టే.

అపోహ: ల్యాబ్‌కి పంపితే అన్నీ తేలిపోతాయి.

వాస్తవం: కొంతవరకే. అసలు చిక్కంతా మొక్కల నుంచీ పశువుల కొవ్వు నుంచీ తీయగలిగే గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్, గ్లిసరైల్ స్టియరేట్‌లతో. పామాయిల్ నుంచి తీసిన స్టియరిక్ యాసిడ్, పశువుల కొవ్వు నుంచి తీసిన స్టియరిక్ యాసిడ్ ఒకటే అణువు. లేబుల్ అణువు పేరు రాస్తుంది, అది పుట్టిన చోటు రాయదు. సబ్బు బిళ్ల అయితే కొవ్వు ఆమ్లాల పాళ్లు చూసి అంచనాకు రావచ్చు: పశువుల కొవ్వులో స్టియరిక్ సుమారు 20 శాతం, పామిటిక్ 25 శాతం ఉంటే, పామాయిల్‌లో స్టియరిక్ 5 శాతం లోపు, పామిటిక్ 44 శాతం దాకా ఉంటుంది. రెండు మూడు నూనెలు కలిపితే ఈ గుర్తు చెరిగిపోతుంది. ఇక క్రీములో కలిపిన 2 శాతం స్టియరిక్ యాసిడ్ సంగతి ఏ యంత్రమూ తేలిగ్గా చెప్పలేదు. సబ్బు ముక్క కాల్చి వాసన చూసి చెప్పేస్తామనే వీడియోలను పట్టించుకోకండి.

కాబట్టి మిగిలిన దారి కంపెనీని అడగడమే. ప్యాక్ మీదున్న కస్టమర్ కేర్ ఈమెయిల్‌కు బ్యాచ్ నంబరు వేసి ఇలా రాయండి: ‘ఇందులోని గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్, గ్లిసరైల్ స్టియరేట్ దేని నుంచి తీసినవి? ఎప్పుడూ మొక్కల నుంచేనా, సరఫరాదారుని బట్టి మారుతుందా?’ రెండో ప్రశ్నే ముఖ్యం. ‘మేం జంతువులపై పరీక్షలు చేయం’ అని జవాబొస్తే అది మీ ప్రశ్నకు జవాబు కాదు. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని మన దేశం 2014లోనే నిషేధించింది. పరీక్ష వేరు, పదార్థం వేరు.

అపోహ: ఆయుర్వేదం అంటే పూర్తి శాకాహారం.

వాస్తవం: శంఖ భస్మం, ప్రవాళం (పగడం), లాక్ష (లక్క), తేనె, తేనెమైనం అన్నీ ప్రాణుల నుంచి వచ్చినవే. సముద్రఫేనం అంటే సముద్రపు నురుగేమీ కాదు, కటిల్ ఫిష్ అనే జలచరం ఒంట్లోని పెంకు. పళ్లపొడి కొనేటప్పుడు ఈ పేరు చూడండి. అలాగని జంతువు నుంచి వచ్చిన ప్రతిదాన్నీ మన సంప్రదాయం దూరం పెట్టలేదు. తిరుమల శ్రీవారి సేవలో వాడే పునుగు తైలం పునుగుపిల్లి నుంచి వచ్చేదే కదా. అందుకే మీ గీత ఎక్కడో ముందు ఇంట్లో తేల్చుకోండి: చంపి తీసినవే వద్దా, ప్రాణి నుంచి వచ్చినదేదీ వద్దా? గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్, తేనెమైనం మొదటి గీత ప్రకారం వాడొచ్చు, రెండో గీత ప్రకారం వాడకూడదు.

అపోహ: ‘ఉండవచ్చు’ అని రాశారంటే ఉన్నట్టే.

వాస్తవం: లిప్‌స్టిక్ జాబితా చివర ప్లస్, మైనస్ కలిసిన గుర్తు (+/-) కనిపిస్తుంది, దానర్థం ‘ఉండవచ్చు’ అని. ఆ తర్వాత వచ్చే రంగులు ఆ రకం షేడ్లన్నిటికీ కలిపి రాసినవి. అక్కడ సిఐ 75470 ఉంటే, అంటే కార్మైన్ అనే, జెముడు మొక్కల మీద బతికే పురుగుల నుంచి తీసే ఎరుపు రంగు ఉంటే, మీ షేడ్‌లో ఉండొచ్చు, లేకపోవచ్చు. షేడ్ నంబరు చెప్పి అడగాలి. గుర్తుకు ముందే ఉంటే ఖాయంగా ఉన్నట్టు. ఇంకో చిక్కు: 30 గ్రాముల లోపు ఘన పదార్థాలకు, 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు పదార్థాల జాబితా వేయాలన్న నిబంధన వర్తించదు. లిప్‌స్టిక్కు, షాంపూ సాచెట్టు ఈ కోవలోవే. అదే షాంపూ పెద్ద సీసా మీద చూస్తే జాబితా దొరుకుతుంది.

అపోహ: పెట్రోలియం జెల్లీ జంతు కొవ్వే.

వాస్తవం: కాదు, ముడి చమురు నుంచి వస్తుంది.

అపోహ: అనుమానం వస్తే ఇంట్లో ఉన్నదంతా పారేయాలి.

వాస్తవం: పారేస్తే వెనక్కొచ్చేదేమీ లేదు. ఇది ఆరోగ్య సమస్య కాదు, నమ్మకానికి సంబంధించినది, కాబట్టి తొందర లేదు. లోపలికి పోయేవాటిని ముందు మార్చండి: పేస్టు, పళ్లపొడి, లిప్‌స్టిక్, లిప్ బామ్. తర్వాత సబ్బు. కంపెనీ జవాబు వచ్చేదాకా క్రీము, షాంపూ వాడుకోవచ్చు. టాలోవేట్ అని తేలిన సబ్బును పూజకు ముందు స్నానానికి వాడలేమనిపిస్తే దాన్ని బాత్రూమ్ కడగడానికి పెట్టుకోండి. సీలు తీయని డబ్బాలను అభ్యంతరం లేనివాళ్లకు, విషయం చెప్పి ఇవ్వండి. వాడిన లిప్‌స్టిక్, మస్కారా మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు, సూక్ష్మజీవులు అంటుకుంటాయి.

లిప్ బామ్ ఇంట్లోనే చేసుకునేవాళ్లు తేనెమైనం బదులు కాండెలిల్లా అనే మొక్క మైనం వేస్తే సగం కొలతతో మొదలుపెట్టండి, ఇది ఇంకా గట్టిది. 10 గ్రాముల చోట 10 గ్రాములే వేస్తే బామ్ పెదవి మీద సాగదు, పెళుసుగా విరిగిపోతుంది.