ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకొస్తుందా?

బెంగళూరులో పొగాకు మానాలనుకునేవాళ్ళకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. తెలుగువాళ్ళు చాలామందే వస్తారు. అనంతపురం, కర్నూలు నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్ళు, వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఎవరొచ్చినా అడిగేది ఒకటే: "ఇన్నేళ్ళు తాగి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు తట్టుకోదంట కదా సార్?"

తట్టుకుంటుంది. రోజూ మందు ఎక్కువగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, వాళ్ళు డాక్టర్‌ని అడిగే ఆపాలి. ఆ భయాన్ని తెచ్చి బీడీకి అంటగట్టారు. పొగ మానితే చిరాకు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మొదటి మూడు నాలుగు రోజులే గట్టిగా ఉండి, నెలలోపు చాలావరకు సద్దుమణుగుతాయి.

ఎక్కువమంది జారిపోయేది దగ్గు దగ్గర. కమ్మీలు కట్టే ఒకాయన బీడీ ఆపిన వారానికే వచ్చాడు. "దగ్గు ఇంకా ఎక్కువైంది సార్, మా మామ ముందే చెప్పినాడు" అంటున్నాడు, జేబులో కొత్త కట్ట. పక్కన భార్య బిక్కమొహం వేసుకుని నిలబడింది. ఆయన్ని తప్పుపట్టలేం, ఎవరికైనా భయమే. శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి తోసే సన్నటి నూగు ఉంటుంది. పొగకు అది చచ్చుబడుతుంది. మానేశాక మళ్ళీ పని మొదలుపెడుతుంది, పాత కఫం కదులుతుంది, అందుకే కొందరికి కొన్నాళ్ళు దగ్గు పెరుగుతుంది. ఈ సంగతి ముందే చెప్పేవాళ్ళు లేక ఎందరో మళ్ళీ అంటిస్తున్నారు. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం టీబీ పరీక్ష చేయించుకోండి. రక్తం పడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

బీడీ ఆకుదే కాబట్టి మంచిదన్నది వట్టి మాట. తునికాకులోంచి గాలి ఆడదు, ఆరిపోకుండా గట్టిగా పీల్చాల్సిందే. పదిని అయిదు చేశామంటారు, ఆ అయిదూ లోతుగా లాగుతారు. శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగకు అంగిట్లో క్యాన్సర్ వస్తుంది, ఆచారమని ఊరుకోకండి.

నికోటిన్ గమ్ కొత్త వ్యసనమవుతుందని వెనకాడకండి, పొగతో పోలిస్తే అది ఎంతో నయం. బబుల్‌గమ్‌లా నమిలేయకూడదు. మెల్లగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. టీ, కాఫీ తాగాక పావుగంట ఆగాలి, లేకపోతే సరిగా ఒంటికి పట్టదు.

కన్నడ రాదు, ఎవరితో చెప్పుకోవాలి అని ఆగిపోకండి. ప్యాకెట్ మీదే ఉండే 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఇక్కడి మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఉన్న ఆ ఫోన్ కేంద్రంలో తెలుగులో మాట్లాడేవాళ్ళున్నారు.