2004 మే క్రాష్: తగాదా అంతకుముందే మొదలైంది

2004 మే 17, సోమవారం. ముంబై షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఒక దశలో 842 పాయింట్లు పడింది, రెండుసార్లు ట్రేడింగ్ ఆపేశారు, చివరికి 564 పాయింట్ల నష్టంతో 4505 దగ్గర ఆగింది. అప్పు మీద షేర్లు కొన్నోళ్ళకి మార్జిన్, అంటే హామీగా ఇంకొంత డబ్బు, కట్టమని ఫోన్లు, కట్టలేకపోతే బ్రోకరే అమ్మేయడం, ఆ అమ్మకాలకి రేటు ఇంకా పడడం, చిన్న ఇన్వెస్టర్ నలిగేది ఇక్కడే. నింద మాత్రం ఢిల్లీలో కొత్తగా రాబోయే కాంగ్రెస్ ప్రభుత్వానికి మద్దతిచ్చే లెఫ్ట్ మీద, అంటే కమ్యూనిస్టు పార్టీల మీద పడింది. ప్రభుత్వ కంపెనీల్లో వాటాలు అమ్మే పెట్టుబడుల ఉపసంహరణ మంత్రిత్వ శాఖనే ఎత్తేయాలని సీపీఐ నేత ఏబీ బర్ధన్ అన్నారు, దానికే మార్కెట్ కూలిందని ఇప్పటికీ చెప్తుంటారు.

ఒక్క మాటకే అంత పడిందంటే నేను ఒప్పుకోను. సంస్కరణలు కావాలనే వాళ్ళకీ వద్దనే వాళ్ళకీ మధ్య ఈ తగాదా హైదరాబాద్‌లో ఎప్పటినుంచో ఉంది. ప్రపంచ బ్యాంకు అప్పుతో చంద్రబాబు ప్రభుత్వం కరెంటు సంస్కరణలు పెట్టింది, 1998లో చట్టం తెచ్చారు, తర్వాతేడు విద్యుత్ బోర్డుని కరెంటు తయారుచేసే జెన్‌కో, దాన్ని చేరవేసే ట్రాన్స్‌కోగా విడగొట్టారు, 2000లో ఛార్జీలు పెంచారు. ఇళ్ళల్లో బిల్లు చూసి జనం మండిపోయారు. ఆ ఏడాది ఆగస్టు 28న అసెంబ్లీకి బయల్దేరిన ఆందోళనకారుల మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఆ ముగ్గురినీ పక్కనపెట్టి 2004 ఎన్నికల తీర్పు గురించి మాట్లాడటం అన్యాయం.

2004లో ఇక్కడ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కాంగ్రెస్, టీఆర్ఎస్, రెండు కమ్యూనిస్టు పార్టీలు కలిసి పోటీ చేసి గెలిచాయి. మే 14న ఎల్బీ స్టేడియంలో వైఎస్ ప్రమాణం చేసి అక్కడే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు, అదే రోజు ముంబైలో సెన్సెక్స్ 329 పాయింట్లు పడింది. ఢిల్లీలో కాంగ్రెస్‌కి దాదాపు 60 మంది లెఫ్ట్ ఎంపీల మద్దతు లేకపోతే ప్రభుత్వమే లేదు, మరి 1991లో పీవీ, మన్మోహన్ హయాంలో ఈ సంస్కరణలకి తలుపు తీసింది కూడా ఆ కాంగ్రెస్సే. రెండు వైపులా లాగుడు అప్పుడే మొదలైంది.

మే 18న ప్రధాని పదవి వద్దని సోనియా అన్నారు, మన్మోహన్ పేరు వినపడింది, మార్కెట్ 370 పాయింట్లకి పైగా లేచింది. అయితే లెఫ్ట్ పట్టు వదల్లేదు. ఆ నెలలోనే ఆ పెట్టుబడుల ఉపసంహరణ మంత్రిత్వ శాఖ పోయి ఆర్థిక శాఖ కింద ఒక విభాగం అయింది. 2005లో ప్రభుత్వ కంపెనీ బీహెచ్ఈఎల్‌లో 10 శాతం వాటా అమ్ముతామంటే, ప్రభుత్వంతో కలిసి కూర్చునే సమన్వయ కమిటీకి లెఫ్ట్ రావడం మానేసింది, మన రామచంద్రాపురం ప్లాంటు ఉన్న కంపెనీయే అది. ఆ అమ్మకం ఆగిపోయింది.