నెగటివ్ కొన్నారు సరే, కథ ఎవరిదండీ?
(పాత విషాద ప్రేమకథల రీమేక్: అపోహలు - వాస్తవాలు)

మూగమనసులు సినిమాకి అరవై ఏళ్ళు నిండాయని తెలిసినప్పటి నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తున్నాయి. "లాయర్ గారూ, ఇక అది ఎవరిదీ కాదంట కదా, మనం మళ్ళీ తీసేసుకోవచ్చంట కదా?" ఆ "అంట" ఎక్కడ పుట్టిందని అడిగితే ఎవరూ చెప్పరు. భీమవరంలో ఎవరో అన్నారంటారు, లేదంటే యూట్యూబ్‌లో చూశామంటారు.

రాజమండ్రిలో నా ప్రాక్టీసులో ఎక్కువ భాగం భూమి తగాదాలే. సినిమా ఒప్పందాలు చూడటం మధ్యలో అలవాటైంది. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ముగ్గురూ పాలకొల్లు వాళ్ళే అయినప్పుడు, ఈ నేల మీద సినిమా పిచ్చి గురించి కొత్తగా చెప్పేదేముంది? రొయ్య రేటు బాగున్న ఏడాది సినిమా మీద డబ్బు పెట్టాలన్న కోరిక కూడా ఇక్కడ కొత్త కాదు. అందులోనూ చివర్లో ఇద్దరూ చచ్చిపోయే ప్రేమకథ అంటే మనవాళ్ళకి ప్రాణం. ఆ కోరికను తప్పుపట్టను. దాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధాలు అమ్మేవాళ్ళ మీదే నా కోపం.

అపోహ: నెగటివ్ హక్కులున్న మనిషి దగ్గర కొంటే రీమేక్ హక్కులు వచ్చేసినట్టే.

మనుషుల్ని నిజంగా ముంచేది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక్కడ అరెకరం చేను కొనే మనిషి లింకు దస్తావేజులన్నీ తిరగేస్తాడు, ఈసీ (ఆ భూమి మీద అమ్మకాలు, తాకట్లు చూపే రిజిస్ట్రారు ఆఫీసు కాగితం) తీయిస్తాడు, సర్వేయర్ని తీసుకెళ్ళి హద్దు రాళ్ళు చూస్తాడు. అదే మనిషి సినిమా హక్కుల దగ్గరికొచ్చేసరికి రెండు పేజీల స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి అడ్వాన్సు ఇచ్చేస్తాడు. సినిమా హక్కులకి ఈసీ తీసుకునే రిజిస్ట్రారు ఆఫీసు లేదు. కాబట్టి లింకు కాగితాలు ఇంకా గట్టిగా చూడాలి కదా?

చట్టం దృష్టిలో సినిమా అనేది ఒకే ఆస్తి కాదు. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు ఒక హక్కు. పాటల సాహిత్యం ఇంకొకటి, బాణీ మరొకటి, రికార్డయిన పాట వేరొకటి. ఇవన్నీ కలిపి తెర మీదికి వచ్చిన బొమ్మ ఇంకో హక్కు. 1957 కాపీరైట్ చట్టం 13వ సెక్షన్‌లోనే ఈ మాట ఉంది: సినిమా మీద ఒకరికి హక్కు ఉన్నంత మాత్రాన, దానికి ఆధారమైన రచన మీద ఇంకొకరికున్న హక్కు పోదు. నెగటివ్ హక్కు అంటే ఆ బొమ్మని కాపీలు తీసుకోవడం, థియేటర్లో వేసుకోవడం, టీవీకి ఇచ్చుకోవడం.

ఇప్పుడు మీరే ఆలోచించండి. రీమేక్ తీసేవాడికి నెగటివ్‌తో పనేముంది? పాత సినిమాలోని ఒక్క ఫ్రేము కూడా అతను వాడడు. అతనికి కావలసింది కథ, సన్నివేశాల వరస, మాటలు. నెగటివ్ అమ్మిన మనిషికి రచయిత అవి రాసిచ్చాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. రాసిచ్చి ఉంటే మంచిదే. ఆ కాగితం చూపించమనండి. 2017లో ఒక తమిళ సినిమా వివాదంలో మద్రాసు హైకోర్టు ఇదే తేల్చింది. స్క్రిప్టు రాసిన వ్యక్తి రాతపూర్వకంగా హక్కు బదిలీ చేయకపోతే, నిర్మాతైనా సరే ఆ కథతో మళ్ళీ సినిమా తీయలేడని చెప్పింది. నిర్మాత పరిస్థితే అదైతే, ఆయన దగ్గర నెగటివ్ కొన్నవాడి దగ్గర కొన్నవాడి సంగతి చెప్పేదేముంది?

ఆకివీడు వైపు నుంచి చెరువుల రైతు ఒకాయన భార్యతో కలిసి వచ్చారు. పాత విషాద ప్రేమకథ ఒకదానికి రీమేక్ హక్కులు కొన్నానని ఒప్పందం తీసి టేబుల్ మీద పెట్టారు. థియేటర్, శాటిలైట్, డిజిటల్, చివర్లో "ఇప్పుడున్నవి, ఇకపై రాబోయేవి, సమస్త హక్కులు" అని ఉంది. ఆ "సమస్త" చూసి ఆయనకి ధైర్యం. అమ్మేవాడి దగ్గర లేనిది సమస్తలో కలవదని చెప్పి, రచయిత రాసిచ్చిన కాగితం ఏదని అడిగాను. "ఆయ్, ఆయన పోయారు కదండి!" అన్నారు. రచయితతో పాటే హక్కూ పోయిందని ఆయన లెక్క. అప్పటికే రచయిత వారసుల నుంచి నోటీసు వచ్చింది. అమ్మిన మనిషి ఫోన్ ఎత్తడం లేదు. జైల్లో పెడతారా అని ఆవిడ రెండుసార్లు అడిగింది. పాపం, ఇద్దరికీ చాన్నాళ్ళుగా నిద్ర లేదని మొహాలు చూస్తేనే తెలుస్తోంది.

ఆవిడకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. నోటీసు వస్తే అరెస్టు అయిపోయినట్టు కాదు. షూటింగే మొదలుకాలేదు, ఇంకా ఉల్లంఘన ఏముంది? కాపీరైట్ నేరానికి ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ వరకూ జైలు అని 63వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే. అది తెలిసి తెలిసీ ఉల్లంఘించినవాడికి. మోసపోయి అడ్వాన్సు ఇచ్చి, నోటీసు రాగానే ఆగిపోయిన మనిషికి ఆ భయం అక్కర్లేదు. డబ్బు వెనక్కి రావాలంటే అమ్మినవాడి మీద దావా వేయాలి, దానికి గడువు మూడేళ్ళు. "సినిమా వాళ్ళతో ఎందుకులే" అని ఊరుకుంటే ఆ గడువు మీకోసం ఆగదు. ఆయన ఊరుకోలేదు, కొంత రాబట్టుకున్నారు.

ఒప్పందం సరైనదే అయినా రెండు చోట్ల కాలు జారుతుంది. హక్కు కొన్న ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోనప్పుడు, అది రద్దయినట్టే. మనవాళ్ళు హక్కులు కొని హీరో డేట్ల కోసం రెండేళ్ళు తిరుగుతారు, ఈలోపు చేతిలో కాగితం చెల్లకుండా పోతుంది. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళే లెక్క. రెండూ 19వ సెక్షన్‌లోనే ఉన్నాయి. అందుకే ఏ భాషలో, ఎన్నిసార్లు, ఎన్నేళ్ళు, ఎక్కడ అన్న నాలుగూ రాయించుకోండి.

అపోహ: అరవై ఏళ్ళు దాటిన సినిమా ఎవరైనా తీసుకోవచ్చు.

సగం నిజం, అందుకే ఇంత ప్రమాదం. మూగమనసులు 1964లో విడుదలైంది. సినిమాగా దాని కాపీరైట్ 2024 డిసెంబరు 31తో ముగిసింది. అంతవరకూ సరే. కానీ రచనకి లెక్క విడుదల నుంచి కాదు, రచయిత మరణం నుంచి. ఆ సినిమా రచనలో చేయి ఉన్న ముళ్ళపూడి వెంకటరమణ (మన ధవళేశ్వరంలో పుట్టిన మనిషే) 2011లో పోయారు. అంటే ఆయన రాసినదానికి 2071 చివరి దాకా రక్షణ. ఆత్రేయ 1989లో పోయారు, "పాడుతా తీయగా" సాహిత్యం 2049 దాకా ఉంటుంది. కె.వి. మహదేవన్ 2001లో పోయారు, బాణీలు 2061 దాకా. ఆ హక్కులు ఇవాళ ఎవరి చేతిలో ఉన్నాయన్నది పాత ఒప్పందాలు చూస్తేగానీ తేలదు. ఎవరి చేతిలో ఉన్నా, ఉన్నాయన్నది మాత్రం ఖాయం.

మరోచరిత్ర గురించి అడిగేవాళ్ళకైతే ఇంత లెక్క కూడా అక్కర్లేదు. అది 1978 సినిమా, బొమ్మ మీద హక్కే 2038 చివరి దాకా ఉంది.

"మరి దేవదాసు ఇంతమంది తీశారు కదా?" అంటారు. అది వేరే సంగతి. దేవదాసు నవల రాసిన శరత్‌చంద్ర 1938లో పోయారు. అప్పట్లో గడువు రచయిత పోయాక యాభై ఏళ్ళు, 1988తో అయిపోయింది. 1941లో పోయిన ఠాగూర్ రచనలకి గడువు ముగిసే వేళ, 1991 చివర్లో, ప్రభుత్వం యాభైని అరవై చేసింది. అప్పటికే కాపీరైట్ నుంచి బయటపడిపోయిన శరత్ నవలకి ఆ పొడిగింపు అందలేదు. కాబట్టి నవల తీసుకుని దేవదాసు మీరూ తీయొచ్చు, మీ పక్కింటాయనా తీయొచ్చు. కానీ 1953 నాటి మన దేవదాసు పాటలు సముద్రాల రాఘవాచార్యవి. ఆయన పోయింది 1968లో. నవల దొరికింది కదా అని ఆ పాట కూడా ఎత్తుకొచ్చి పెడితే మళ్ళీ నా ఆఫీసు మెట్లెక్కాల్సిందే.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన జనం ఒప్పుకుంటారని కూడా లేదు. 1974లో కృష్ణ, విజయనిర్మల దేవదాసు తీస్తే జనం పాతదాన్నే తలుచుకున్నారు. మూగమనసులునే హిందీలో మిలన్‌గా 1967లో ఆదుర్తి సుబ్బారావే తీశారు, జమున మళ్ళీ గౌరిగా వేశారు, పాటలు మాత్రం కొత్తవి. అది ఆడింది. అదే కథని సావిత్రి సొంతంగా తమిళంలో ప్రాప్తం పేరుతో 1971లో తీస్తే ఆడలేదు. మా అమ్మకి మిలన్ క్యాసెట్ తెచ్చి చూపిస్తే సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. "గోదారి లేకుండా గోపి ఏంట్రా?" అంది. గోపి అంటే మూగమనసులులో పడవ నడిపే హీరో. ఆవిడకి నర్సాపురంలో చూసిందే సినిమా, దాని తర్వాత వచ్చినవన్నీ నకళ్ళు. ఆవిడ లాంటి ప్రేక్షకులకి ఏ ఒప్పందమూ సమాధానం చెప్పలేదు, అది నిర్మాత చూసుకోవాల్సిన విషయం.

అపోహ: పేర్లు, ఊరు, ముగింపు మార్చేస్తే అది కొత్త కథే.

కాదు. చివర్లో ఇద్దర్నీ బతికించినా, వెనక సన్నివేశాలన్నీ అవే అయితే అది కాపీయే. ఇరవై శాతం మార్చాలి, ముప్పై శాతం మార్చాలి అన్న లెక్క ఏ సెక్షన్‌లోనూ లేదు. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పిన కొలత వేరు: రెండూ చూసిన మనిషికి రెండోది మొదటిదానికి నకలేనని స్పష్టంగా అనిపించాలి.

ఆ తీర్పులోనే భయపడేవాళ్ళకి ఊరటా ఉంది. ఊహ మీద, ఇతివృత్తం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాడొకడు పాలకొల్లు నుంచి వచ్చాడు. పడవ నడిపే అబ్బాయి, పెద్దింటి అమ్మాయి, చివర్లో వరద అని రాసుకున్నాడు. ఫ్రెండ్స్ ఎవరో "కేసు పడుతుందిరా" అన్నారట, టెన్షన్‌తో స్క్రిప్టు పక్కన పెట్టేశాడు. చదివాను. సన్నివేశాలు వాడివి, మాటలు వాడివి. పడవ వాడూ పెద్దింటి పిల్లా ప్రేమించుకోవడం ఒకరి సొత్తు కాదు, కులం అడ్డురావడం అంతకన్నా కాదు. ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు, వెళ్ళి తీసుకోమన్నాను.

మిగతావి గబగబా.

పాత పాట ఏడు సెకన్ల లోపు వాడుకోవచ్చు: ఎవరు పుట్టించారో గానీ అలాంటి నియమం చట్టంలో లేదు.

టైటిల్ కొంటే కథ వచ్చినట్టే: టైటిల్ మీద కాపీరైటే లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిలిం ఛాంబర్లో టైటిల్ నమోదు సినిమా వాళ్ళు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు.

కథ రిజిస్టర్ చేయించలేదు కాబట్టి రచయితకి హక్కు లేదు: రాసిన క్షణమే హక్కు వస్తుంది, రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి పనికొస్తుంది.

హక్కులు కొన్నాక కథని ఏమైనా చేసుకోవచ్చు: 57వ సెక్షన్ ఒకసారి చదవండి. తన పేరు వేయమని అడిగే హక్కు, పరువు పోయేలా రచనని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు అమ్మేశాక కూడా రచయితకి ఉంటాయి.

పాత సినిమా తీసిన రేవులోనే తీస్తే కేసు వేస్తారు: గోదావరి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. పడవ మీద కెమెరా పెట్టడానికి అనుమతి కావాలి, అది వేరే ఆఫీసు. గోదావరి ఒడ్డున ఎన్నో సినిమాలు తీసిన కుమారదేవం సినిమా చెట్టు కింద తీద్దామనుకునేవాళ్ళు మాత్రం అది 2024లో కూలిందని గుర్తుంచుకోండి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు అసలు ఒప్పందం, దాని వెనక ఉన్న ఒప్పందాలన్నీ తీసుకురండి. వాట్సాప్‌లో మొదటి పేజీ ఒక్కటే ఫోటో తీసి పంపి "ఓకేనా సార్" అని అడిగితే జవాబు ఇవ్వను. అడ్వాన్సు ఇచ్చాక వచ్చే కన్నా ఇవ్వక ముందే వస్తే నా ఫీజు కూడా తక్కువే అవుతుంది.