పటం మీద ఖాళీగా ఉన్న చోటు

చిరంజీవులు శ్రావణికి, అఖిల్‌కు తాత ఆశీస్సులు.

"తాతా, నువ్వు డాక్టరువు కాదు కదా, మరి జీవితమంతా రోగాల గురించి ఏం చదివినవ్?" అని శ్రావణి మొన్న అడిగింది. అది ఫోన్‌లో తెగే ముచ్చట కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నేను చదివింది భూగోళం. ఈ మనిషికి ఏం రోగం వచ్చిందని డాక్టరు చూస్తాడు. ఈ రోగం ఈ ఊళ్లోనే ఎందుకుంది, పక్క ఊళ్లో ఎందుకు లేదు, మందు ఎవరిదాకా చేరలేదు అని మేం చూస్తాం. దీన్ని ఆరోగ్య భూగోళశాస్త్రం అంటారు.

1854లో లండన్‌లోని సోహో పేటలో గత్తర, అంటే కలరా, లేచి ఆరు వందల మందికి పైగా చనిపోయారు. చెడుగాలితో వస్తుందని అప్పటి డాక్టర్లలో చాలామంది నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు చావు జరిగిన ఇళ్లను ఆరా తీసి, పటం మీద చావుకొక గీత పెట్టాడు. గీతలన్నీ బ్రాడ్ స్ట్రీట్ బోరింగు చుట్టూ పోగయ్యాయి. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. నాకు ఇష్టమైన భాగం వేరే ఉంది. ఆ బోరింగుకు దగ్గర్లోనే ఒక బీరు కార్ఖానా. డెబ్భై మందికి పైగా పనివాళ్లు, ఒక్కరూ పోలేదు. వాళ్లు ఆ నీళ్ల జోలికే పోరు, కార్ఖానాలో ఇచ్చే బీరు తాగుతారు. మరోపక్క ఎక్కడో దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఒకావిడ గత్తరతో పోయింది. అడిగితే తేలిందేమంటే, ఆ బోరింగు నీళ్ల రుచే నచ్చి రోజూ సీసాలో బండి మీద తెప్పించుకునేదట.

ఉండాల్సిన చోట గీత లేదు, ఉండకూడని చోట ఉంది. నా ఉద్యోగమంతా ఈ రెండింటి వెంటే నడిచింది.

ఉండకూడని చోట అంటే నాకు మన పాలమూరే గుర్తొస్తుంది. కోస్గి, నారాయణపేట వైపు ఊళ్లలో ఇళ్లకు గాలీ వెలుతురూ బాగానే ఉంటాయి. టీబీ ఏమో దగ్గుతో గాలిలోకి వచ్చి, మూసి ఉన్న ఇరుకు గదుల్లో ఎక్కువగా అంటుకుంటుంది. మరి ఇక్కడి పడుచు పిల్లలకు ఎట్లా వచ్చింది? కూలీలను పనికి తోలుకపోయే గుంపు మేస్త్రి వెంట బొంబాయి, పుణె పోయి, ఒక్క రేకుల షెడ్డులో పదిమంది పడుకొని వచ్చినవాళ్లు వాళ్లు. పటం మీద చుక్క ఇంటి అడ్రసు దగ్గర పడింది, రోగం పట్టింది మరోచోట. మామూలు టీబీకి కూడా ఆరు నెలలు ఆపకుండా మందు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, మనిషి మళ్లీ బస్సెక్కుతాడు, మందులు ఇక్కడి దవాఖానలోనే ఉండిపోతాయి. మధ్యలో మానేస్తే మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. అందుకే మనిషి ఎక్కడికి పోతే అతని మందు అక్కడికి పోవాలని మేం ప్రతి మీటింగులో కొట్లాడేవాళ్లం. 2012లో టీబీ రోగుల కోసం నిక్షయ్ అనే కంప్యూటర్ రిజిస్టరు వచ్చాక ఆ పని కొంత తేలికైంది. రోగి తిండి కోసం సర్కారు 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. కూలి పోయిన ఇంటికి అది చాలదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ఇక ఉండాల్సిన చోట చుక్క లేకపోవడం. అమ్రాబాద్ అడవిలో చెంచుల పెంటలున్నాయి, అంటే వాళ్ల చిన్న గూడేలు. అందులో ఒక పెంటకు మలేరియా రిజిస్టరులో అన్నీ సున్నాలే. ఏఎన్ఎం అమ్మతో, అంటే ఊళ్లు తిరిగే సర్కారు నర్సమ్మతో కలిసి అక్కడికి నడిచి వెళ్లాం. గుడిసె ముందు మండే ఎండలో ఒక పిల్ల దుప్పటి కప్పుకొని కూర్చుంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఏఎన్ఎం వేలు గుచ్చి, పరీక్ష కిట్ మీద రక్తపు బొట్టు వేసి, దాని పక్క గుంటలో పరీక్ష ద్రవం చుక్కలు వేసింది. కాసేపటికి ఒక గీతకు రెండో గీత తోడైంది. మలేరియానే. వాళ్ల నాయన అన్నాడు: "జరం వస్తది, పోతది సారూ. రోడ్డు దాకనే ఒక పూట నడక. ఆ దినం కూలి పాయె. దవాఖానల మమ్ముల ఎవరు పలకరిస్తరు?" రక్తం తీసేవాళ్లు పోని చోట రిజిస్టరులో సున్నాయే పడుతుంది. పటం మీద అన్నిటికంటే ఆరోగ్యంగా కనబడ్డ ఊరు అదే! దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ అనే డాక్టరు 1897లో చూసింది మన సికింద్రాబాద్‌లోనే. వందేళ్లు దాటినా ఆ ఎరుక అదే రాష్ట్రంలోని ఆ గుడిసె దాకా నడవలేదు. వేల్స్‌లో బొగ్గుగని పల్లెలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు, వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దొరుకుతుందని 1971లో రాశాడు. ఆ పిల్లను చూశాక నాకు దానికి వేరే రుజువు అక్కర్లేకపోయింది.

అఖిల్, నీకు లెక్కలిష్టం కదా. ఒక ఊళ్లో 5000 మంది ఉన్నారు, పదిమందికి డెంగీ. పక్క తండాలో 300 మంది, ముగ్గురికి డెంగీ. ఫాగింగ్ మిషను ముందు ఎక్కడికి పోవాలి? పది పెద్దదని అందరూ ఆ పెద్ద ఊరికే పంపుతారు. వెయ్యి మందికి లెక్క కట్టి చూడు: ఊళ్లో ఇద్దరు, తండాలో పదిమంది. అసలు తండాకు కావాల్సింది పొగ కంటే నల్లా. నీళ్లు వారానికోసారి వస్తే గోలేల్లో, డ్రమ్ముల్లో నిల్వ పెట్టుకోక ఏం చేస్తారు? డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఆ మంచినీళ్లలోనే.

ఇది చదవాలంటే ఇంటర్‌లో ఫలానా గ్రూపే ఉండాలని లేదు. ఉస్మానియాలో జాగ్రఫీ విభాగం ఉంది. పటాలు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. గణాంకాలు మాత్రం గట్టిగా నేర్చుకోవాలి, శ్రావణికి అది నచ్చకపోయినా సరే.

దసరా సెలవుల్లో మీ వాడ పటం గీయండి. నల్లాలు, మోరీలు, మూతలేని గోలేలు, జ్వరం వచ్చిన ఇళ్లు గుర్తుపెట్టండి. తాళం వేసి ఉన్న ఇళ్లనూ వదలొద్దు, వాళ్లు ఎక్కడికి పోయారో పక్కింటివాళ్లను అడిగి రాయండి. జ్వరం వచ్చిన ఇంటి పక్కన పేరు మాత్రం రాయకండి. టీబీ ఉందని తెలిసి పిల్ల సంబంధం తప్పిపోయిన ఇళ్లు నేను చూశాను. నంబరు వేస్తే చాలు. ఆ నంబర్ల కాగితం పటంతో కలపకుండా వేరేగా దాచండి.

ఉంటాను.

మీ తాత
మహబూబ్‌నగర్