హ్యాండీ వైర్‌లెస్ సెట్టు వారంటీ సర్వీసుకు వెళ్తే ఎందుకు బాగై రావడం లేదు?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు హ్యామ్ రేడియో, అంటే వైర్‌లెస్ సెట్టుతో దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడుకునే అభిరుచి, దానికి లైసెన్సు ఉన్నవాళ్లు కొద్దిమందే. వాళ్లు ఎప్పుడు కలిసినా ఒక గోడు మాత్రం తప్పకుండా వస్తుంది. వేలకు వేలు పోసి కొన్న హ్యాండీనో (చేతిలో పట్టుకుని మాట్లాడే సెట్టు), చేతి స్కానర్‌నో (ఇతరుల వైర్‌లెస్ మాటలు వినడానికే పనికొచ్చే సెట్టు) వారంటీలో పంపితే వారాల తర్వాత అదే జబ్బుతో తిరిగొస్తుంది. నల్గొండలో ఒక మిత్రుడి సెట్టుకు యాంటెన్నా బిగించే కనెక్టర్ దగ్గర సోల్డరింగ్ వదిలింది. అక్కడ వేలితో అదిమి పట్టుకుంటే మాట స్పష్టంగా వినిపిస్తుంది, వేలు తీస్తే గరగర. ఆ సంగతి కాగితం మీద రాసి మరీ పెట్టెలో పెట్టాడు. సర్వీస్ సెంటర్ వాళ్లు బ్యాటరీ మార్చి, ‘లోపం కనిపించలేదు’ అని వెనక్కి పంపారు. అంత డబ్బు పెట్టినవాడికి కడుపు మండదా?

ఈ బాధ వెనుక చాలా ఏళ్ల కథ ఉంది. ఇంట్లో మామూలు రేడియోకు కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజుల్లో పట్నానికో రేడియో మెకానిక్ ఉండేవాడు. సెట్టు విప్పి, ఏ దశ దాకా సిగ్నల్ వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో వెతికేవాడు. పోయిన పార్టు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చి వేసేవాడు. బాగుచేయడమంటే లోపం ఎక్కడుందో పట్టుకోవడమే.

స్కానర్లూ మొదట అలాంటి సెట్లే. అమెరికాలో ఎలక్ట్రా కంపెనీ బేర్‌క్యాట్ పేరుతో వాటిని ఇంటింటికీ చేర్చిన తొలినాళ్లలో, వినాల్సిన ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో క్రిస్టల్ (ఆ ఫ్రీక్వెన్సీని పట్టే చిన్న విడిభాగం) కొని పెట్టుకోవాలి. 1980లలో ఆ వ్యాపారం జపాన్ కంపెనీ యూనిడెన్ చేతికి వచ్చింది. ఆ తర్వాత అక్కడి పోలీసు, అగ్నిమాపక శాఖల రేడియోలు డిజిటల్ బాట పట్టాయి. అలాంటి డిజిటల్ రేడియోలకు ఉమ్మడి నియమాలైన ప్రాజెక్ట్ 25 ప్రమాణం పని 1989లో మొదలైంది. వాటిని వినాలంటే స్కానర్ లోపల చిన్న కంప్యూటరే ఉండాలి. 2018లో వచ్చిన యూనిడెన్ స్కానర్ ఎస్‌డీఎస్100 ధర అప్పట్లో దాదాపు 700 డాలర్లు. కస్టమ్స్ సుంకం కలపకుండానే ఇప్పటి లెక్కన మన డబ్బుల్లో 50 వేలు దాటుతుంది.

ధర పెరిగింది కానీ సర్వీసు ఓపిక తగ్గింది. ఇలాంటి బోర్డుల మీద పార్టు వెతకడం కన్నా బోర్డంతా మార్చడం సులువు, అదీ లోపం కళ్లకు కనిపిస్తేనే. సెట్టు ఆన్ అయి, స్పీకర్ మోగితే బాగున్నట్టే లెక్క. బలహీనమైన సిగ్నల్‌ను అందుకునే శక్తి సెట్టుకు తగ్గిందా లేదా తేల్చాలంటే సిగ్నల్ జనరేటర్ (కొలిచిన బలంతో సిగ్నల్ పంపే పరికరం) పెట్టి, ఎన్ని మైక్రోవోల్టుల దగ్గర మాట అందుతోందో కొలవాలి. ఆ కొలత తీయకుండా ‘లోపం లేదు’ అని రాయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. దీనికి తోడు తయారీదారులే మారిపోయారు. అమెరికాలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలు నడిపిన రేడియోషాక్‌కు ఏళ్ల తరబడి స్కానర్లు చేసిపెట్టిన జీఆర్‌ఈ కంపెనీ ఆ పని మానేసింది, దాని డిజైన్లు విస్లర్ అనే మరో కంపెనీ కొనుక్కుంది. 2015లో రేడియోషాకే దివాలా తీసింది.

మనకు ఇంకో చిక్కు. విదేశంలో కొన్న సెట్టు వారంటీ సాధారణంగా ఆ దేశం దాటితే చెల్లదు. వెనక్కి పంపుదామంటే లిథియం బ్యాటరీని కొరియర్ వాళ్లు తేలిగ్గా తీసుకోరు, బాగై వచ్చేటప్పుడు కాగితాలు సరిగా లేకపోతే సుంకం మళ్లీ కట్టాలి. పైగా వైర్‌లెస్ సెట్టు ఉంచుకోవడానికే లైసెన్సు కావాలన్న 1933 నాటి చట్టం నీడలో ఇక్కడ స్కానర్లకు బహిరంగ మార్కెట్ ఏర్పడలేదు. హ్యామ్ హ్యాండీలు మాత్రం ఇక్కడి దిగుమతిదారుల దగ్గర దొరుకుతాయి. మన పోరాటానికి దారి ఉన్నది అక్కడే.

1986 వినియోగదారుల చట్టం ఉన్నన్నాళ్లూ అమ్మిన కంపెనీ ఉన్నచోటో, కొనుగోలు జరిగిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. నల్గొండ మనిషి సెట్టు కోసం ఢిల్లీకో ముంబైకో తిరగగలడా? 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఆ అడ్డు తీసేసింది. కొన్నవాడు తానుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువైతే ఫీజు లేదు. దిగుమతి చేసి అమ్మేవాళ్లూ, రిపేరు చేసేవాళ్లూ ఇద్దరూ ఆ చట్టం పరిధిలోకి వస్తారు. 2022లో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ కమిటీ వేసినప్పుడు మొదట ఎంచుకున్నవి వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు. రేడియో సెట్ల ఊసు అందులో లేదు.

ఇక మిగిలింది రుజువు. పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే వస్తువును ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. దాని ఖర్చు ముందు ఫిర్యాదుదారే కట్టాలి. మా మిత్రుడు ఇప్పుడు కనెక్టర్‌ను వేలితో అదిమినప్పుడు, వదిలినప్పుడు సెట్టు ఎలా మోగుతోందో వీడియో తీసి, బిల్లు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన చీటీ జతచేసి ఫిర్యాదు సిద్ధం చేసుకున్నాడు. మైక్రోవోల్టుల కొలత ఎందుకు తీయలేదో రాతపూర్వకంగా చెప్పాలని అందులో మొదటి ప్రశ్నగా అడిగాడు.